తడిసిన అంచు

మా ఆయన చెక్కను నాకుతాడు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

స్పీకరు పెట్టెలు చేసేవాళ్ళు పలకను వేలి కణుపుతో కొట్టి చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. మా ఆయన అక్కడితో ఆగడు. అప్పుడే కోసిన అంచును మూతి దగ్గరికి తెచ్చుకుని, నాలుక బయటికి చాపి, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క గీత గీస్తాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని చప్పరిస్తాడు. ఆ చప్పుడు మొదలైతే నేను చెవులు మూసుకుంటాను. ఆ పలకలు పడి ఉండే గోదాములో ఎలుకలు సంసారాలు చేస్తాయి. మోసేవాళ్ళు చెమట చేతులతో పట్టుకుంటారు, ముక్కు చీదిన చేతిని వాటికే తుడుస్తారు. సరుకు బండికి ఎక్కించేటప్పుడు నా కళ్ళతో చూశాను. ఆ నాలుకను ఆయన తిరిగి నోట్లో ఎలా పెట్టుకోగలుగుతున్నాడో నాకు అంతుపట్టదు. మా ఇంట్లో ఆయన గ్లాసు వేరు, చెంచా వేరు. వేరు చేసింది నేనే.

కాపురానికి వచ్చిన కొత్తలో ఈ భాగోతం చూసి అత్తయ్య దగ్గర ఏడ్చాను. ఆవిడ నవ్వింది.

"మీ మామగారూ నాకేవారమ్మాయ్. కొడుక్కి నేర్పింది ఆయనే. నాకిన రోజున దగ్గరికి రానివ్వకు, అంతే. నేనలాగే చేశాను."

"మరి ఈయనెలా పుట్టారు అత్తయ్యా?"

"ఆదివారం గోదాముకి సెలవు కదే!"

ఇక ఎవరికి చెప్పుకుంటాను?

అసలు చెక్కను నాకవలసిన అవసరం ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. స్పీకరు పెట్టెకు కావలసింది మూగ చెక్క. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అచ్చమైన టేకు దిమ్మతో చేయమని అడుగుతారు, అదేదో సింహాసనం చేయించుకుంటున్నట్టు. దిమ్మ చెక్కను కొడితే ఖంగుమంటుంది. స్పీకరుతో పాటు అదీ గొంతు కలుపుతుంది. పాడవలసింది స్పీకరు, పెట్టె నోరు మూసుకోవాలి. పైగా దిమ్మ చెక్క చలికి ముడుచుకుంటుంది, తేమకు ఉబ్బుతుంది, చివరకు అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. ప్లైవుడ్ నయమే కానీ, చవక రకంలో పొరల మధ్య ఎక్కడో ఒక ఖాళీ దాక్కుని ఉంటుంది, పాట బరువెక్కిన చోట బుర్రుమంటుంది. అందుకని మావాళ్ళు చెక్కపొడిని జిగురుతో కలిపి వేడి మీద నొక్కిన పలకలు వాడతారు. కొడితే దబ్బుమని ఊరుకుంటుంది. దాని పైన అసలు టేకును కాగితమంత పల్చగా తీసిన పొర అంటించి, మెరుగు పెట్టేది నేను. చూసేవాళ్ళకు టేకు, లోపల పొడి. నా పనిలో మోసమేమీ లేదు, అడిగినవాళ్ళకు అడిగినట్టే చెబుతాం.

నొక్కిన పలకలో గుట్టంతా జిగురే. మంచి జిగురుకు రుచి ఉండదు, పాత అట్టముక్కను నోట్లో పెట్టుకున్నట్టు ఉంటుందని మా ఆయన అంటాడు. చెడ్డ జిగురైతే ముందు చేదు, వెంటనే నాలుక చివర సూదులు. అలాంటి పలక కంటికి బాగానే ఉంటుంది, కొడితే బాగానే పలుకుతుంది. ఏడాది తిరిగేలోగా గాలిలోని తడి తాగి అంచులు ఉబ్బి, మరలు వదులై, పెట్టె గాలి కక్కుతుంది. అందుకే నాకుడు. ఈ వివరం అన్నం తినేటప్పుడల్లా వినిపించి నా ముద్ద చెడగొట్టేవాడు.

ఇంత అసహ్యమైన విద్యకు ఊళ్ళో ఎంత పేరో! నాలుక మేస్త్రి అంటారు ఆయన్ని. పలకల వ్యాపారి దగ్గరికి కొత్త సరుకు వచ్చిందంటే, మిగతా వడ్రంగులంతా మా ఆయన వచ్చేదాకా గోడకు ఆనుకుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. వ్యాపారి ఒక్కో దొంతరలోంచి ఒక్క పలక తీసి, ఒక్క మూల మాత్రం కోసి ఇస్తాడు. అంతకన్నా కోస్తే పలక పాడవుతుందని గోల. ఆ మూలను ఈయన నాకుతాడు, తల ఊపుతాడు. ఊపిన దొంతర మీద అందరూ పడతారు. నేను ఆ గోదాము గడప ఎన్నడూ తొక్కలేదు. పెద్ద పలకలు తెచ్చే రోజున బండి దగ్గర నిలబడి, మొహం అటు తిప్పుకునేదాన్ని.

పోయిన చలికాలం ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. మంచం మీద మూలుగుతూ పడి ఉండి, లేచాక మనిషి మారిపోయాడు. అంతకుముందు కంచం ముందు కూర్చుంటే వంకలే. ఉప్పు తక్కువ, మాడు వాసన, ఈ గిన్నెలో మొన్న ఉల్లిపాయ వండావు కదూ అనేవాడు. అలాంటిది జ్వరం తర్వాత ఏం పెట్టినా, "బ్రహ్మాండంగా ఉంది" అంటూ వేళ్ళు నాకేవాడు. చావు అంచు దాకా వెళ్ళొచ్చి పెళ్ళాం విలువ తెలుసుకున్నాడనుకున్నాను. పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయాను. అద్దం ముందు నిలబడి జడ ఇంకోసారి వేసుకున్న రోజులు కూడా ఉన్నాయి, నవ్వుకోండి.

ఎండలు తగ్గి ముసురు పట్టిన రోజుల్లో పాటల పంతులమ్మ మా పని గదికి వచ్చింది. ఆవిడ పిల్లలకు ఇంట్లో పాటలు నేర్పుతుంది. అంతకు కొన్ని నెలల ముందే మా దగ్గర రెండు పెట్టెలు చేయించుకుంది. బండివాడు ఆ రెండింటినీ గుమ్మంలో దించాడు. దించిన చోట నల్లటి నీరు మరక కట్టింది.

"పాట పెడితే ఇది దగ్గుతోందండీ" అంది పంతులమ్మ. మంచి మనిషి, గొంతు పెంచలేదు. "నా చెవులు పాడయ్యాయేమోనని ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాను."

పెట్టె వెనక మూత మరలు నేనే విప్పాను. విప్పడమెందుకు, వేలితో లాగితే మర మెత్తటి చెక్కలోంచి పుచ్చుపన్ను ఊడినట్టు వచ్చేసింది. లోపల నుంచి కొట్టిన కంపు ఇంకా నా ముక్కులో ఉంది. తడి గోనెసంచిలో చచ్చిన ఎలుకను చుట్టిపెట్టినట్టు. అడుగు పలక ఉబ్బి, నానిన రొట్టెలా పొరలు పొరలుగా విచ్చుకుంది. శబ్దం మింగడానికి పెట్టిన దూది మీద నల్లటి బూజు, ఆ బూజులో బొద్దింకలు. పెద్దవి, పిల్లలు, గుడ్లు. వెలుతురు పడగానే చెదిరి నా చేతి మీదికి ఎక్కాయి. కెవ్వుమని అరిచి దూదిని అవతల విసిరాను. నేను ఒళ్ళంతా అలిసిపోయేలా రుద్ది మెరుగు పెట్టిన టేకు పొర, అంచుల దగ్గర పాము కుబుసంలా లేచిపోయింది.

మా ఆయన వచ్చి చూశాడు. వంగి వాసన కూడా చూశాడు. అంత కంపు కొడుతుంటే మొహంలో ఒక్క కండరం కదలలేదు.

"నేల తడిగుడ్డతో తుడుస్తున్నారేమో" అన్నాడు.

"ఎత్తు పీట మీద పెట్టానండీ" అంది పంతులమ్మ.

ఆయన ఊడిన మరను జేబులో వేసుకున్నాడు. కొత్తవి చేసిస్తానన్నాడు. ఆవిడ గుమ్మం దాటుతూ ఆగి, "మీ నాలుక మీద నమ్మకంతోనే వచ్చాను మేస్త్రి గారూ, మళ్ళీ ఇలా జరిగితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తెలియదు" అంది. కోపంతో అన్నా బాగుండేది.

ఆ సాయంత్రమంతా చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. వాసన పోలేదు. చిరాకుగా వంటగదిలోకి వెళితే, ఆయన గట్టు దగ్గర నిలబడి గిన్నెలోంచి తింటున్నాడు. పారబోద్దామని పక్కన పెట్టి మరిచిపోయిన కూర అది. మూత కింద నిన్నటికే తెల్లటి నూగు మొలిచింది, పైన ఆకుపచ్చ చుక్కలు కూడా. ఆయన మూత తీసి, కళ్ళజోడు లేకుండా, రొట్టెముక్కతో గిన్నె అడుగు దాకా ఊడ్చేశాడు. పెదవి మీద నూగు అంటుకుని ఉంది.

"ఇవాళ కూర బ్రహ్మాండంగా కుదిరింది" అన్నాడు.

తూము దగ్గరికి పరిగెత్తి కక్కుకున్నాను. వెనక నుంచి వచ్చి నా వీపు నిమరబోయాడు. ఆ చేయి తోసేశాను. ముక్కు తుడుచుకుంటూ అలాగే వంగి ఉండగా, జ్వరం తర్వాత విన్న "బ్రహ్మాండాలు" అన్నీ వరసగా చెవిలో మోగాయి. ఆ కంపు కొట్టే పెట్టె మీద వంగిన మొహం గుర్తొచ్చింది. మొత్తం అర్థమైంది. అయినా రుజువు కావాలి కదా. టీ పెట్టి, చక్కెరకు బదులు ఉప్పు వేసి ఇచ్చాను. ఊదుకుంటూ గుక్క గుక్కకు తాగాడు.

"చక్కెర సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయింది."

"ఉప్పు వేశాను."

గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"జ్వరం నుంచే. వాసనా లేదు, రుచీ లేదు. మట్టి పెట్టినా అన్నం పెట్టినా ఒకటే. వస్తుంది వస్తుంది అనుకున్నాను."

"మరి గోదాములో ఏం చేస్తున్నారు ఇన్నాళ్ళూ?"

"నాకుతున్నాను." గొంతు తగ్గించాడు. "నాకి, వ్యాపారి మొహం చూస్తున్నాను. వాడు ధీమాగా ఉంటే తల ఊపుతున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలుకలు తిరిగిన చెక్కను, ఏమీ తెలియకుండానే, ఊరికే నాకుతున్నాడా! తెలిసి నాకితే అది పని. తెలియక నాకేది ఏమిటి? పైగా నా వంట. ఇన్ని నెలలు నేను మురిసిపోయిన మెచ్చుకోలంతా మట్టికీ అన్నానికీ తేడా తెలియని నోట్లోంచి వచ్చిందన్నమాట. బొద్దింకలు చేతి మీద పాకినప్పటి కన్నా ఎక్కువ రోత పుట్టింది, ఆయన మీద, నేను రెండోసారి వేసుకున్న జడ మీద.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి? నువ్వు నాకేదానివా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. "కాపురానికి వచ్చినప్పటినుంచి నీకది అసహ్యం. నాకు ఇంకో విద్య రాదు. నాలుక పోయిందని తెలిస్తే మేస్త్రి అని ఎవడు పిలుస్తాడు? నా మాట మీద కొన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు!"

అత్తయ్య తన గదిలోంచి ఇదంతా విన్నట్టుంది. ఆవిడకు ప్రతిదానికీ ఒక పరాచికం సిద్ధంగా ఉంటుంది. ఆ పూట లేదు.

పంతులమ్మ పెట్టెలకు పలకలు తేవలసిన రోజు వచ్చింది. ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, బడికి వెళ్ళనని మొండికేసే పిల్లాడి మొహంతో. నేనూ బండెక్కాను.

గోదాము ముందు వడ్రంగులు ఎప్పటిలాగే గోడకు ఆనుకుని ఉన్నారు. కానీ కబుర్లు లేవు. మంచాలు చేసే ఆయన ఒక్కడే ముందుకొచ్చాడు.

"మేస్త్రీ, పోయినసారి నువ్వు తల ఊపిన సరుకుతో పరుపు కింద పెట్టె ఉండే మంచాలు చేశాను. నాలుగు ఇళ్ళ నుంచి పిలుపులొచ్చాయి. అంచులు పూరీ పొంగినట్టు పొంగాయట. ఇవాళ కాస్త జాగ్రత్తగా నాకు."

అందరూ నవ్వారు, కానీ ఆ నవ్వులో పాత చనువు లేదు. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన చెవులు ఎర్రబడడం నేను బండి దగ్గర నుంచే చూశాను. ఈసారి మొహం తిప్పుకోలేదు.

వ్యాపారి ముందుండి దారి చూపించాడు, నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఈ దొంతర చూడు మేస్త్రీ, ఇలాంటిది మళ్ళీ రాదు" అని ఒక పలక లాగి, మూల కోసి ఇచ్చాడు. గోదాములోంచి ఎలుకల ఉచ్చ కంపు, పులిసిన జిగురు కంపు కలిసి గుమ్మం దాకా తన్నుకొచ్చాయి. మా ఆయన పలకను కొట్టాడు. దబ్బుమంది. వాసన చూశాడు. నాలుక చాపి ఆ కోసిన మూల మీద గీత గీశాడు. కళ్ళు మూసుకుని చప్పరించాడు. అంతా పద్ధతి ప్రకారమే, ఎక్కడా లోటు లేదు. కళ్ళు తెరిచాక మాత్రం వ్యాపారి కేసి చూడలేదు. గుమ్మంలో ఉన్న నా కేసి చూశాడు.

తల ఊపితే మళ్ళీ బొద్దింకలు. ఊపకపోతే ఎందుకో చెప్పాలి. ఏం చెబుతాడు? గోడ దగ్గర జనం మెడలు చాచడం కనిపించింది. నా కాళ్ళు గడప దాటాయి.

"ఇలా ఇవ్వండి" అన్నాను.

"నువ్వా?" అన్నాడు ఆయన.

"మీరు చూసింది మీ పెట్టె కోసం. దాని మీద పొర అంటించేది నేను కదా? పోయినసారి నా పొర కుబుసంలా లేచిపోయింది. నా సంగతి నేను చూసుకోవద్దూ?"

పలక అందుకున్నాను. వ్యాపారి ఒక్క మూలే కోస్తాడని చెప్పాను కదా. ఆ మూల అంతా ఆయన ఎంగిలితో తడిసి మెరుస్తోంది. పొడి చోటు కోసం అటూ ఇటూ తిప్పి చూశాను. లేదు. వేరే మూల కోయమంటే వ్యాపారి గోల, ఈ మూల చాలదా అని జనం గోల. ఆయన గ్లాసులో ఎన్నడూ మంచినీళ్ళు తాగని దాన్ని. ఆ చెంచాను నా చెంచాలతో కలిపి కడగని దాన్ని. ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఆ తడి మీదే నాలుక పెట్టాను.

ముందు తగిలింది వెచ్చగా ఆయన ఉమ్మి. వాంతి గొంతు దాకా వచ్చింది, మింగాను. ఆ తర్వాత పొడి, గరుగ్గా ఇసుకలా. ఆ వెనకాల చేదు. మామూలు చేదు కాదు, ఎవరో మాత్ర నమిలి నా నోట్లో ఊసినట్టు. చప్పరించాను. అవును, నేనే చప్పరించాను, ఆ చప్పుడు నా నోట్లోంచే వచ్చింది. నాలుక చివర చిన్న సూది గుచ్చుకుంది, పక్కన ఇంకోటి, ఆ తర్వాత అన్నీ ఒకేసారి.

వ్యాపారి చెప్పుల ముందు ఉమ్మేశాను.

"దీని మీద నా పొర నిలవదు."

"అమ్మా, మేస్త్రి గారు ఇంకా ఏమీ చెప్పందే..." అని వ్యాపారి అందుకోబోయాడు.

"ఇంకేం చెప్పాలి?" అన్నాడు మా ఆయన. గొంతులో పాత మేస్త్రి పలికాడు. "నేను అనబోయింది ఆవిడే అంది. జిగురు చెడ్డది. ఇంకో దొంతర కోయి."

రెండోది కోశాడు. ఆయన నాకి నాకిచ్చాడు, నేను నాకాను. చేదు తక్కువ, సూదులు ఉన్నాయి. ఉమ్మాను. మూడోది వెనక గోడ దగ్గర, ఎవరికీ కనబడకుండా గోనె కప్పిన దొంతర. వ్యాపారి అది వేరేవాళ్ళకు పెట్టానని గొణిగాడు. మంచాలాయన వెళ్ళి గోనె లాగేశాడు. ఆ మూల కూడా మా ఆయన ఉమ్మితో తడిసే నా చేతికొచ్చింది. నాలుక పెట్టాను. ఏమీ లేదు. పాత అట్టముక్క. చప్పరించినకొద్దీ అట్టముక్కే. అసహ్యంగా, చప్పగా, మూగగా ఉంది.

ఆయన కేసి చూశాను. ఆయన తల ఊపాడు. జనం ఆ దొంతర మీద పడ్డారు.

"వదినగారూ, ఇక నుంచి మేస్త్రి ఒక్కడే వస్తే మేం కొనం" అని మంచాలాయన నవ్వాడు. ఈసారి నవ్వులో చనువుంది. నేను బయట కుళాయి దగ్గర నోరు పుక్కిలిస్తున్నాను. ఎంత పుక్కిలించినా ఆ పొడి పళ్ళ సందుల్లో కరకరలాడుతూనే ఉంది. ఛీ, ఇది ఇక నా బతుకంతా ఉంటుంది. నెలకోసారో, సరుకు వచ్చినప్పుడల్లానో, ఎలుకల కంపు మధ్య నిలబడి, ఇంకొకరి ఎంగిలి మీద నాలుక పెట్టి. మళ్ళీ కుళాయి కింద దోసిలి పట్టాను.

ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. కుళాయి కట్టేశాడు, అంతే.

ఇంటికి వచ్చి వడ్డించాను. నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. మొదటి ముద్ద పెట్టుకున్నాడు.

"బ్రహ్మాం..."

"నోరు ముయ్యండి. ఉప్పు ఎక్కువైంది."

ముద్ద నమిలి మింగి, కంచంలోకి చూశాడు.

"అవును" అన్నాడు. "ఉప్పు ఎక్కువైంది."

కంచం ఖాళీ చేశాడు. నాకు పొలమారింది. నా గ్లాసు గట్టు మీదే ఉండిపోయింది. ఆయన తన గ్లాసు ముందుకు జరిపాడు, వెంటనే గుర్తొచ్చి వెనక్కి లాక్కోబోయాడు. చేయి పట్టుకుని ఆపి, ఆ గ్లాసుతోనే తాగాను. చేదు పోలేదు.